కొలతకూ కొలతకూ మధ్య

స్కాట్లండ్‌లోని షీహాలియన్ కొండ చుట్టూ తిరిగి సర్వేయర్లు రాసుకొచ్చిన లెక్కల కట్టలు 1770లలో చార్లెస్ హట్టన్ బల్ల మీదికి చేరాయి. వాటితో తేల్చాల్సింది భూమి సాంద్రత. 1774లో ఖగోళవేత్త నెవిల్ మాస్కెలీన్ ఆ కొండకు ఉత్తరాన ఒకచోట, దక్షిణాన మరొకచోట మకాం వేసి, నక్షత్రాల ఆధారంతో ఒక కొలత తీశాడు. తాపీమేస్త్రీల తూకపుగుండు లాంటి బరువును వేలాడదీస్తే, కొండ దాన్ని తనవైపు ఎంత లాగుతోందన్నది ఆ కొలత. రెండు వైపులదీ కలిపినా డిగ్రీలో మూడువందల వంతుకు మించలేదు. ఆ కాస్త లాగుడు నుంచి భూమి సాంద్రత రాబట్టాలంటే కొండలో రాయి ఎంతుందో తెలియాలి. అది తెలియాలంటే కొండ ఆకారం అంగుళం అంగుళం కాకపోయినా గడి గడికీ తెలియాలి.

హట్టన్ న్యూకాసిల్ బొగ్గు గనుల ప్రాంతంలో పుట్టి, చిన్నతనంలో గనిలో పనిచేసి, స్వయంకృషితో వూలిచ్ సైనిక అకాడమీలో గణితాచార్యుడైన మనిషి. మాస్కెలీన్ నిలబడ్డ చోటు చుట్టూ వలయాలు గీసి, వాటిని మధ్య నుంచి గీసిన గీతలతో కోసి, నేలను వందలాది గడులుగా విడగొట్టాడు. ఒక్కో గడికీ సగటు ఎత్తు కావాలి. చిక్కు అక్కడే వచ్చింది. సర్వేయర్లు కొలిచిన చుక్కలు ఆయన గడుల లెక్క ప్రకారం పడలేదు. ఎక్కగలిగిన చోట, దుర్బిణీకి అందిన చోట కొలిచారు. ఒక గడిలో అయిదారు చుక్కలున్నాయి, పక్క గడిలో ఒక్కటీ లేదు.

అప్పుడాయన ఒక పెన్సిల్ తీసుకుని, ఒకే ఎత్తున్న చుక్కలన్నింటినీ సన్నటి గీతతో కలుపుకుంటూ పోయాడు. గీతలు పూర్తయ్యేసరికి ఖాళీ గడుల గుండా కూడా ఏదో ఒక ఎత్తు రేఖ పోతోంది. ఇక ఏ గడికైనా ఎత్తు చదువుకోవచ్చు. భూమి సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లని తేల్చి 1778లో ప్రచురించాడు. ఇవాళ మనకు తెలిసింది అయిదున్నర రెట్లు. ఒక కొండను, కొన్ని నక్షత్రాలను, ఒక పెన్సిల్‌ను నమ్ముకుని అంత దగ్గరకు రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గొప్పగానే ఉంటుంది.

సమాన విలువలను గీతతో కలపడం హట్టన్‌తో మొదలు కాలేదు. నీటి లోతులకు డచ్చివాళ్లు అంతకుముందే గీశారు. నికొలస్ క్రూకియస్ 1730 ప్రాంతంలో మెర్వెడ నది అడుగుకు గీసిన పటం ప్రసిద్ధం. అంతకన్నా ముందు ఎడ్మండ్ హేలీ ఉన్నాడు. తోకచుక్కతో మనకు పరిచయమైన ఆ హేలీయే 1698 నుంచి 1700 దాకా పారమోర్ అనే చిన్న ఓడకు నాయకుడై అట్లాంటిక్ సముద్రం మీద తిరిగాడు. దిక్సూచి సూది అసలు ఉత్తరం నుంచి ఎక్కడెక్కడ ఎంత పక్కకు తిరుగుతోందో కొలిచాడు. 1701లో అచ్చయిన పటంలో ఆ తేడా సమానంగా ఉన్న చోట్ల గుండా వంపు గీతలు గీశాడు. ఆ పటంలో నన్ను కట్టిపడేసేది గీతల కన్నా ఎక్కువగా వాటితోపాటు ముద్రించిన ఓడ దారి. కొలత ఎక్కడ జరిగిందో, ఏది ఊహించి గీసిందో చూసేవాడికి తెలుస్తుంది. ఆ మరుసటి ఏడు ప్రపంచ పటం వేసినప్పుడు పసిఫిక్ మహాసముద్రాన్ని గీతలు లేకుండా వదిలేశాడు. అక్కడ తన చేతిలో సరిపడా కొలతలు లేవు కాబట్టి.

ఇలా సమాన విలువల గీతలు గీసే ఈ రంగం మొత్తం తిరిగేది ఒక్క ప్రశ్న చుట్టూనే: ఒక చోట తీసిన కొలత మాట ఎంత దూరం చెల్లుతుంది? ఉష్ణోగ్రతకైనా, సముద్రపు లోతుకైనా, బావిలో నీటి మట్టానికైనా ఇదే ప్రశ్న. కొలతలు ఎప్పుడూ మనకు కావలసిన చోట ఉండవు. ఓడ పోయిన దారిలో ఉంటాయి, రోడ్డు ఉన్న చోట ఉంటాయి, మనుషులున్న ఊళ్లో ఉంటాయి. పటానికి మాత్రం అన్నిచోట్లా విలువ కావాలి.

దాదాపు రెండువందల యాభై ఏళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది మనిషి చెయ్యే. అనుభవం ఉన్న సర్వేయరు ఎత్తు రేఖను వాగు దగ్గర ఎగువకు వంచుతాడు, ఎందుకంటే నీరు నేలను ఎలా కోస్తుందో అతనికి తెలుసు. ఆ జ్ఞానం చుక్కల్లో లేదు, అతని తలలో ఉంది. దాని బలమూ అదే, బలహీనతా అదే. అవే చుక్కలు ఇద్దరికిస్తే రెండు పటాలు వస్తాయి.

మనిషి ఇష్టాయిష్టాలతో పనిలేని సూత్రం కావాలనుకున్నవాళ్లలో ఆల్ఫ్రెడ్ థీసెన్ పేరు మన నీటిపారుదల ఇంజనీర్లందరికీ తెలుసు. అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన ఆయన 1911లో ఒక సులువు చెప్పాడు. ప్రతి వర్షమాపకానికీ దానికి అన్నింటికన్నా దగ్గరగా ఉన్న నేలంతా రాసిచ్చెయ్యండి, ఆ నేల విస్తీర్ణాన్ని బట్టి సగటు కట్టండి అని. పక్కపక్క వర్షమాపకాలను కలిపే గీతకు సరిగ్గా మధ్యలో లంబంగా హద్దు వేసుకుంటూ పోతే చాలు, బహుభుజులు వచ్చేస్తాయి. పరీవాహక ప్రాంతం మీద సగటు వర్షం లెక్కగట్టడానికి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పటికీ మొదట నేర్పే పద్ధతుల్లో ఇదొకటి. కాంటూరుకు, అంటే సమాన విలువలను కలిపే గీతకు మాత్రం ఇది పనికిరాదు. హద్దుకు ఇవతల ఒక వాన, అవతల ఇంకొక వాన, మధ్యలో గోడ. వాన అలా కురవదు.

కంప్యూటర్లు వచ్చాక ప్రశ్న తప్పించుకోలేనిదైంది. యంత్రానికి వాగు తెలియదు, వంపు తెలియదు. ఏం చెయ్యాలో అక్షరం అక్షరం చెప్పాలి. వాస్తుశిల్పి హోవర్డ్ ఫిషర్ 1963లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో సైమ్యాప్ అనే ప్రోగ్రామ్‌కు రూపకల్పన చేస్తే, బెట్టీ బెన్సన్ దాన్ని కోడ్‌గా రాసింది. 1965లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ఫిషర్ హార్వర్డ్‌లో ఒక కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రయోగశాల పెట్టాడు. అప్పట్లో గీతలు గీసే ప్లాటర్లు అందరికీ అందేవి కావు. కంప్యూటర్ ఉన్న ప్రతిచోటా ఉండేది అక్షరాలు కొట్టే లైన్ ప్రింటర్. సైమ్యాప్ దానితోనే పటాలు వేసింది. ఒకే చోట అక్షరం మీద అక్షరం కొట్టి నలుపు పెంచుతూ, తక్కువ విలువలకు చుక్కలు, ఎక్కువ విలువలకు చిక్కటి మచ్చలు. ఆ ఛాయలు కలిసే అంచులే కాంటూర్లు.

ప్రతి అక్షరం చోటుకూ ఒక విలువ కావాలి. చుట్టూ చెల్లాచెదురుగా పడి ఉన్న కొలతల నుంచి దాన్ని ఎలా కట్టాలి? ఆ ప్రోగ్రామ్ గురించి ఫిషర్ చెప్పగా విన్న హార్వర్డ్ మొదటి సంవత్సరం విద్యార్థి డొనాల్డ్ షెపర్డ్‌కు అందులోని అంతర్వేశనం, అంటే కొలతల మధ్య ఖాళీలను పూరించే లెక్క, నచ్చలేదు. దాన్ని మళ్లీ మొదటి నుంచీ రాయడానికి పూనుకున్నాడు. ఫలితంగా 1968లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎమ్ జాతీయ సదస్సులో వచ్చిన ఆయన పత్రం ఇవాళ్టికీ చాలా భూగోళ పటాల సాఫ్ట్‌వేర్లలో బతికే ఉంది. ఆ తరువాత ఆయన ఆరోగ్య ఆర్థికశాస్త్రంలోకి వెళ్లిపోయాడు.

షెపర్డ్ మూల సూత్రం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. విలువ కావలసిన చోటుకు ప్రతి కొలతా ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరపు వర్గంతో భాగించి, ఆ మేరకు దాని మాటకు బరువివ్వడం. కిలోమీటరు దూరపు కొలతకు ఒక వంతు బరువిస్తే రెండు కిలోమీటర్ల దూరపుదానికి పావు వంతు, మూడు కిలోమీటర్లదైతే తొమ్మిదో వంతు. వర్గమే ఎందుకు? వేరే ఘాతాలతోనూ ఆయన ప్రయత్నించి చూశాడు. ఘాతం పెంచితే ప్రతి కొలత చుట్టూ నేల బల్లపరుపుగా మారి మధ్యలో గోడ లేస్తుంది. తగ్గిస్తే కొలతల దగ్గర ముళ్లు లేచి మిగతాదంతా చదునవుతుంది. రెండు అనేది బాగా కనిపించింది, పైగా లెక్కకు వర్గమూలం తీసే పని తప్పింది. ఆనాటి యంత్రాలకు అది చిన్న లాభం కాదు.

చాలామంది ఈ సూత్రం దగ్గరే ఆగిపోయి, షెపర్డ్ పద్ధతి అంటే ఇంతే అనుకుంటారు. ఆ పత్రం అసలు విలువ ఆ సూత్రం లోపాలను ఆయనే వరసగా పట్టుకోవడంలో ఉంది. ఒకే వైపు అయిదు కొలతలు గుంపుగా ఉంటే ఆ గుంపు అయిదు గొంతులతో మాట్లాడి, అవతలి వైపు ఒంటరి కొలతను నోరెత్తనివ్వదు. అందుకని ఆయన దిశను లెక్కలోకి తెచ్చాడు. ఒక కొలత వెనక దాక్కున్న ఇంకో కొలతకు బరువు తగ్గుతుంది. దూరాభారపు కొలతలన్నీ ఎందుకని, దగ్గరివి కనీసం నాలుగు, మించితే పది మాత్రమే తీసుకున్నాడు. ఇంకో లోపం లోతైనది. సగటు ఎప్పుడూ అతి చిన్న కొలతకూ అతి పెద్ద కొలతకూ మధ్యే ఉంటుంది. కాబట్టి కొండ శిఖరం మీద ఎవరూ కొలవకపోతే పటంలో శిఖరమే ఉండదు. ఉన్న కొలతల చుట్టూ మాత్రం గుండ్రటి వలయాలు లేస్తాయి. దానికి విరుగుడుగా ప్రతి కొలత దగ్గరా నేల ఎటు వాలుతోందో పొరుగు కొలతల నుంచి అంచనా కట్టి, ఆ వాలును కూడా లెక్కలో కలిపాడు. నది, తీరం లాంటి అడ్డం మధ్యలో ఉంటే దూరాన్ని చుట్టుతిరిగి కొలవాలన్న ఏర్పాటు కూడా అందులో ఉంది. డిగ్రీ చదువుతున్న కుర్రవాడు ఇదంతా ఆలోచించాడు. ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లు మొదటి సూత్రాన్ని తీసుకుని ఈ దిద్దుబాట్లను వదిలేస్తున్నాయి. వలయాల పటాలు వచ్చేది అందుకే.

మరో దారి సగటుల జోలికి పోకుండా సూటిగా గీసేది. చుక్కలను త్రిభుజాలుగా కలపడం. మూడు బావులు తీసుకుందాం. వాటిలో నీటి మట్టం 12, 18, 9 మీటర్లు. 15 మీటర్ల రేఖ ఎటు పోవాలి? 12కీ 18కీ నడుమ సరిగ్గా మధ్యలో, 9కీ 18కీ నడుమ మూడింట రెండు వంతుల దూరంలో. ఆ రెండు చోట్లనూ సరళరేఖతో కలిపితే అయిపోయింది. ఇందులో సందేహానికి తావులేదు, ఎందుకంటే మూడు బిందువుల మీద ఒకే ఒక సమతలం ఆనుతుంది. చతురస్రాల గడులతో ఈ నిశ్చింత లేదు. ఎదురెదురు మూలల్లో రెండు ఎత్తులు, మిగతా రెండు మూలల్లో రెండు పల్లాలు వస్తే రేఖ రెండు రకాలుగా పోవచ్చు, రెండూ తప్పు కాదు.

అయితే చుక్కలను త్రిభుజాలుగా కలిపే మార్గాలు లెక్కలేనన్ని. ఏది మంచిది? జవాబు కాంటూర్లతో సంబంధమే లేని చోట అప్పటికే సిద్ధంగా ఉంది. రష్యన్ గణితవేత్త గ్యోర్గీ వొరొనోయ్ 1908లో చనిపోవడానికి కాస్త ముందు, ప్రతి బిందువుకూ దానికి దగ్గరైన స్థలాన్ని పంచే విభజనను గణితపరంగా శోధించాడు. థీసెన్ వర్షమాపకాలకు పంచింది కూడా అదే. గణితవేత్త బొరీస్ డెలొనే, పర్వతారోహణ అంటే ప్రాణం పెట్టినవాడు, 1934లో ఆ విభజనకు జోడీని చూపాడు. హద్దు పంచుకునే పొరుగు బిందువులను కలపండి, త్రిభుజాలు వస్తాయి. ప్రతి త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీస్తే దాని లోపల ఇంకే బిందువూ ఉండదు. అలా చేస్తే సూదుల్లాంటి సన్నటి త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయని 1970లలో కంప్యూటర్ల మీద పనిచేస్తున్నవాళ్లు గుర్తించారు. ఇక అది వాళ్ల చేతుల్లో పనిముట్టు అయింది. స్ఫటికాల నిర్మాణం, సంఖ్యా సిద్ధాంతం కోసం పుట్టిన ఆలోచన బావుల్లో నీటి మట్టానికి పనికొచ్చింది.

ఒక కొలత మాట ఎంత దూరం చెల్లుతుందన్న ప్రశ్నకు సూటి జవాబు మాత్రం గనుల్లోంచి వచ్చింది. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో ఇంజనీరు డానీ క్రిగె ఒక వింత గమనించాడు. అంచుల్లో తీసిన నమూనాలను బట్టి చాలా బంగారం ఉందనుకున్న ముక్కలో తవ్వితే తక్కువ దొరుకుతోంది. తక్కువ ఉందనుకున్న ముక్కలో అనుకున్న దానికన్నా ఎక్కువ వస్తోంది. ఎవరూ మోసం చెయ్యలేదు. ఒక ముక్క అంచున తీసిన కొద్ది నమూనాలకు లేని అధికారాన్ని ఇచ్చేస్తున్నారు, అంతే. చుట్టుపక్కల సగటును కూడా కలుపుకుని లెక్కకట్టాలని ఆయన 1951లో చెప్పాడు. ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్ దాని వెనక పూర్తి సిద్ధాంతం నిర్మించి, క్రిగె పేరునే ఆ పద్ధతికి పెట్టాడు. క్రిగింగ్ అని ప్రపంచమంతా పిలుస్తోంది.

క్రిగింగ్‌లో దూరానికి ఎంత బరువివ్వాలో ముందే ఎవరూ నిర్ణయించరు, కొలతలనే అడుగుతారు. ఉన్న కొలతలను జతలుగా తీసి, జతలో దూరం పెరిగేకొద్దీ విలువల తేడా ఎలా పెరుగుతోందో గ్రాఫు గీస్తారు. ఒక దూరం దాటాక తేడా ఇక పెరగదు. ఆ కొలత మాట చెల్లే దూరం అదే. బంగారం లాంటి వాటిలో దాదాపు ఆనుకుని ఉన్న రెండు నమూనాలు కూడా ఏకీభవించవు, అది కూడా గ్రాఫులో కనిపిస్తుంది. దగ్గరదగ్గరగా ఉన్న కొలతలు ఒకే సంగతి చెబుతున్నాయని పద్ధతికే తెలుసు కాబట్టి గుంపుకు అనవసరమైన బరువు రాదు. అన్నింటికన్నా ముఖ్యం, ప్రతి చోటా విలువతోపాటు అది ఎంత తప్పయ్యే అవకాశం ఉందో కూడా వస్తుంది. హేలీ పసిఫిక్‌ను ఖాళీగా వదిలి చెప్పిన విషయాన్ని ఇప్పుడు అంకెల్లో చెప్పవచ్చు. విశేషమేమంటే, మాథెరాన్ రాస్తున్న కాలంలోనే 1963లో సోవియట్ వాతావరణ శాస్త్రవేత్త లెవ్ గాందిన్ వాతావరణ కొలతల కోసం దాదాపు ఇదే గణితాన్ని విడిగా కనుక్కున్నాడు.

1970లలో ఈ పొలంలో పంట విరగకాసింది. అయోవాలో రోలండ్ హార్డీ 1971లో ప్రతి కొలత మీదా ఒక వంపు ఉపరితలాన్ని నిలబెట్టి వాటిని కలిపాడు. ఇయాన్ బ్రిగ్స్ 1974లో పలుచటి ఉక్కురేకును కొలతలన్నింటి గుండా వంచితే అది తక్కువ వంపుతో ఎలా ఒదుగుతుందో ఆ ఆకారం తీసుకున్నాడు. ఆ రేకు కొలతలు లేని ఖాళీల్లో లేని గుట్టలు లేపుతుంటే, సముద్ర గర్భం కొలతలతో తంటాలు పడుతున్న వాల్టర్ స్మిత్, పాల్ వెసెల్ 1990లో దాన్ని అంచుల నుంచి కాస్త బిగించి లాగారు. వీళ్లిద్దరూ రూపొందించి ఉచితంగా పంచిన జీఎమ్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఇవాళ భూభౌతిక శాస్త్రవేత్తల రోజువారీ పనిముట్టు. అంతకుముందే, ఇలాంటి పద్ధతుల్లో ఏది మెరుగు అన్న తగవు తీర్చడానికి కాలిఫోర్నియాలో రిచర్డ్ ఫ్రాంకె దాదాపు ముప్ఫై పద్ధతులకు ఒకే పరీక్ష పెట్టి 1982లో ఫలితం ప్రకటించాడు. హార్డీ పద్ధతి ముందు నిలిచింది. అది ఎప్పుడూ చిక్కులో పడకుండా జవాబు ఇస్తుందని చార్లెస్ మికెల్లి నిరూపించింది మాత్రం 1986లో. అప్పటిదాకా జనం నమ్మకం మీదే వాడారు.

ఇంత ప్రయాణం చేశాక ప్రశ్న తలకిందులైన చోటు ఒకటి మన తీరంలోనే ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తుఫాను వేళ సముద్రం ఎంత ఉప్పొంగుతుందో అంచనా కట్టడానికి అడ్‌సర్క్ అనే నమూనా వాడుతుంది. అది లెక్క నడిపే గ్రిడ్, అంటే బిందువుల వల, చతురస్రాలది కాదు, త్రిభుజాలది. నడిసముద్రంలో పెద్ద త్రిభుజాలు, ఒడ్డుకు వచ్చేకొద్దీ చిన్నవి. ఇక్కడ గ్రిడ్ క్రమం తప్పింది కొలిచేవాళ్లకు కుదరక కాదు, కావాలనే. ఉప్పెన నిజంగా తీవ్రమయ్యేది లోతు తక్కువైన తీరజలాల్లో కాబట్టి లెక్కను అక్కడ చిక్కగా, లోతు సముద్రంలో పలుచగా నడుపుతారు.

ఇలాంటి లెక్కల ఫలితాన్ని కాంటూరుగా గీసేటప్పుడు చాలామంది మొదట చేసే పని, బిందువులను మాత్రం తీసుకుని మళ్లీ కొత్తగా త్రిభుజాలు అల్లడం, లేదా అన్నింటినీ చతురస్రాల గళ్ల మీదకు మార్చడం. కాకినాడ దగ్గర అలా చేస్తే ఏమవుతుందో చూడండి. అక్కడ సముద్రానికీ కాకినాడ అఖాతానికీ మధ్య హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె పొడవుగా సాగి ఉంది. తిన్నెకు ఇవతలి నీటి మట్టం వేరు, అవతలిది వేరు. డెలొనే నియమానికి ఇసుకతిన్నె సంగతి తెలియదు. రెండు వైపుల బిందువులనూ దగ్గరివే కదా అని కలిపేస్తుంది, కాంటూరు రేఖ నేల మీదుగా నడిచి వెళుతుంది. షెపర్డ్ అడ్డాల కోసం దూరాన్ని చుట్టు తిప్పింది ఇలాంటి చోటు కోసమే. అందుకే పైథాన్ వాడేవాళ్లకు తెలిసిన మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ట్రైకాంటూర్ అనే ఆదేశానికి బిందువులతోపాటు త్రిభుజాల జాబితాను కూడా ఇచ్చే వీలు పెట్టారు. నమూనా ఏ బిందువును దేనితో కలిపిందో అదే వరసను ఆ ఆదేశానికి అందించాలి. అప్పుడు రేఖ ఒడ్డు దాకా వచ్చి ఆగుతుంది, తిన్నె అవతల వేరే విలువతో మొదలవుతుంది.